ఫిర్యాదులు చెక్కిన గిటార్

ఒకరికి పక్కటెముకల్లో గుచ్చుకుంది. ఒకరికి బ్యాండు హోరులో వినపడలేదు. ఇంకొకరికి శ్రుతి నిలవలేదు. ఎలక్ట్రిక్ గిటార్ ఒంటిమీది వంపులూ మరలూ మీటలూ చాలావరకు ఇలాంటి సణుగుళ్లకు దొరికిన జవాబులే. తొంభై ఏళ్లుగా సాగుతున్న ఆ సణుగుళ్ల కథే ఈ వారం ముఖచిత్ర కథనం.

1950ల మొదట్లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ ఊళ్లో లియో ఫెండర్ వర్క్‌షాపుకు గిటారిస్టులు తరచూ వచ్చిపోతుండేవారు. వచ్చినవాళ్లు మెచ్చుకోళ్ల కంటే ఫిర్యాదులే ఎక్కువ మోసుకొచ్చేవారు. వాటిలో ఒకటి మరీ చిన్నది. గిటార్ పలక అంచు పదునుగా ఉండి, గంటల తరబడి వాయిస్తే పక్కటెముకల్లో గుచ్చుకుంటోందని. రెక్స్ గాలియన్, బిల్ కార్సన్ లాంటి వాద్యకారులు ఈ మాట పదేపదే చెప్పారు. ఫెండర్ బృందం పలక వెనుక పొట్ట తగిలేచోట, ముందు మోచెయ్యి ఆనేచోట చెక్కను వాలుగా చెక్కేసింది. 1954లో ఆ గిటార్ స్ట్రాటోకాస్టర్ పేరుతో బజారులోకి వచ్చింది. ఈరోజు ఎలక్ట్రిక్ గిటార్ బొమ్మ గియ్యమంటే చిన్నపిల్లలు కూడా దాదాపు దాని ఆకారమే గీస్తారు.

ఇందులో తమాషా ఏమిటంటే, లియో ఫెండర్‌కు గిటార్ వాయించడం రాదు. ఆయన రేడియోలు బాగుచేసే మనిషి. 1938 నుంచి ఫుల్లర్టన్‌లో సొంత రిపేరు దుకాణం నడిపాడు. రేడియో మెకానిక్ దగ్గరికి ఎవరైనా చెడిపోయిందనే వస్తారు. ‘ఎక్కడ తేడా వస్తోంది?’ అని అడగడం ఆయన వృత్తిలోనే ఉంది. గిటార్‌నూ ఆయన అలాగే చూశాడు.

మొదటి ఫిర్యాదు: వినపడటం లేదు

ఫెండర్ కంటే ముందే, 1920ల చివర్లో ఈ కథ మొదలైంది. డాన్సు హాళ్లలో బ్యాండ్లు పెద్దవయ్యాయి. ట్రంపెట్లు, శాక్సోఫోన్లు, డ్రమ్ముల మధ్య గిటారిస్టు ఎంత గట్టిగా మీటినా ఆ చప్పుడు ముందు వరుస దాటేది కాదు. అప్పట్లో అమెరికాను ఊపేసిన హవాయి సంగీతంలో గిటార్‌ను ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని ఉక్కు కడ్డీతో వాయించేవారు. ఆ వాద్యం వాయించే జార్జ్ బోషాంప్, లోహపు పనిలో ఆరితేరిన అడాల్ఫ్ రికెన్‌బ్యాకర్ కలిసి 1932లో అల్యూమినియం పోతపోసిన ఒక గిటార్‌ను అమ్మకానికి పెట్టారు. గుండ్రటి చిన్న పళ్లెం, పొడవాటి పిడి. చూసినవాళ్లు దానికి ‘ఫ్రయింగ్ పాన్’ అని పేరు పెట్టేశారు. మన ఇంట్లో అయితే అట్ల పెనం అనేవాళ్లం.

పెనంలో ఉన్న మహిమ పికప్. దాని సూత్రం బడిలో చదువుకున్నదే. అయస్కాంతం చుట్టూ వెంట్రుక కంటే సన్నని రాగి తీగను వేల చుట్లు చుడతారు. దానిమీద ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం కదిలి, రాగి తీగలో అతి చిన్న విద్యుత్తు పుడుతుంది. యాంప్లిఫయర్ దాన్ని పెంచి స్పీకర్‌కు అందిస్తుంది. ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రమే. పికప్ ‘వినేది’ ఉక్కు తీగ కదలికను, గాలిలోని ధ్వనిని కాదు. అందుకే నైలాన్ తీగలు వేస్తే అది మూగబోతుంది.

1936లో గిబ్సన్ కంపెనీ ఇదే సూత్రంతో చేసిన పికప్‌ను మామూలు బోలు గిటార్‌కు తగిలించి ఈఎస్-150 తెచ్చింది. చార్లీ క్రిస్టియన్ అనే నల్లజాతి యువకుడు దాన్ని పట్టుకుని బెన్నీ గుడ్‌మన్ జాజ్ బృందంలో కూర్చున్నాడు. అప్పటిదాకా వెనుక తాళం వేసుకుంటూ ఉన్న గిటార్ ముందుకొచ్చి శాక్సోఫోన్‌లా సోలో వాయించింది.

ఒక ఫిర్యాదు తీరితే ఇంకొకటి తయారు. యాంప్ సౌండు పెంచేసరికి ఆ ధ్వని తిరిగి గిటార్ బోలు డొక్కకే తగిలి, దాన్ని కంపింపజేసి, చెవులు చిల్లులు పడేలా కూత పెట్టేది. పెళ్లిపందిట్లో మైకును స్పీకర్ ముందుకు తెస్తే వచ్చే కూతే అది. దీనికి విరుగుడు డొక్క లేకుండా చెయ్యడమే. లెస్ పాల్ అనే గిటారిస్టు 1940 ప్రాంతంలో నాలుగంగుళాల చదరపు దూలం మీద తీగలు, పికప్ బిగించాడు. పేరు కూడా ‘లాగ్’, అంటే మొద్దే. ఆయన స్వయంగా చెప్పుకున్న కథ ప్రకారం, ఉత్త దూలాన్ని క్లబ్బుకు తీసుకెళ్తే ఎవరూ పట్టించుకోలేదు. ఒక పాత గిటార్‌ను నిలువునా కోసి ఆ రెండు చెక్కలను దూలానికి అటూ ఇటూ అతికించి వెళ్తే జనం చప్పట్లు కొట్టారు. ధ్వని మాత్రం మారలేదు. జనం కళ్లతో కూడా వింటారని ఆయనకు ఆరోజే అర్థమైంది.

నాలుగు మరల మెడ

ఫెండర్ చేతిలో ఆ దూలం వస్తువుగా మారింది. 1950లో వచ్చిన బ్రాడ్‌కాస్టర్‌ను చూస్తే దాని అమాయకత్వానికి నవ్వొస్తుంది. యాష్ చెక్కతో చదునైన పలక, ఒకపక్క చిన్న కోత. మేపుల్ చెక్క మెడ. ఆ రెంటినీ కలిపేది జిగురు కాదు, నాలుగు మరలు.

మన బొబ్బిలి వీణతో పోలిస్తే ఆ నాలుగు మరల సంగతి బోధపడుతుంది. గొల్లపల్లి కళాకారులు ఒకే పనస మొద్దులోంచి కుండ, దండి తొలుస్తారు. ఏకాండి వీణ అంటే అదే. నాదం ఎక్కడా తెగకుండా పారాలన్నది అక్కడి నియమం. ఫెండర్ ఆలోచన రిపేరు బల్ల దగ్గర పుట్టింది. వాద్యకారుడు ఊరూరా తిరుగుతాడు. మెడ వంగుతుంది, మెట్లు అరుగుతాయి. అలాంటప్పుడు నాలుగు మరలు విప్పి కొత్త మెడ బిగించుకుంటే రాత్రికి కచేరీ ఆగదు. ఫ్యాక్టరీలో కూడా మెడలు ఒకవైపు, పలకలు ఒకవైపు చేసి చివర్లో జత చెయ్యొచ్చు. వాద్యాల లోకంలోకి మోటారు కార్ల పద్ధతి ఇలా ప్రవేశించింది.

పేరు మాత్రం నిలవలేదు. గ్రెచ్ కంపెనీ అప్పటికే దాదాపు అదే పేరుతో డ్రమ్ములు అమ్ముతోంది. వాళ్లు 1951లో టెలిగ్రాం కొట్టేసరికి, ఫెండర్ వాళ్లు అచ్చువేయించి పెట్టుకున్న లేబుళ్ల మీద ఆ ఒక్క మాటను కత్తిరించి మిగతాది అతికించారు. పేరు లేని ఆ కొద్ది గిటార్లను సేకరణకర్తలు ‘నోకాస్టర్’ అంటారు. కత్తెర పడ్డ లేబుల్‌కే ఇవాళ ఎక్కువ ధర. అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తున్న టెలివిజన్ పేరు కలిపి దాన్ని టెలీకాస్టర్ చేశారు. ఆ మోడల్ ఈనాటికీ పెద్దగా మారకుండా తయారవుతోంది.

ఐదు శ్రుతిలో గుయ్యిమనే రొద

గిబ్సన్ కంపెనీది పాతకాలపు పెద్దింటి పద్ధతి. లెస్ పాల్ తన మొద్దు చూపించినప్పుడు పెదవి విరిచిన వాళ్లే, ఫెండర్ పలకలు అమ్ముడవుతుంటే మేల్కొన్నారు. అధ్యక్షుడు టెడ్ మెకార్టీ ఆధ్వర్యంలో 1952లో ‘లెస్ పాల్’ మోడల్ వచ్చింది. బరువైన మహాగని పలక మీద వాయులీనంలా ఉబ్బెత్తుగా చెక్కిన మేపుల్ పైకప్పు, దానికి బంగారు రంగు పూత, జిగురుతో అతికించిన మెడ. పేదవాడి పలకకు ధనవంతుడి జవాబు.

ఈ ఇద్దరి మధ్య తేడాను కొలబద్దతో కూడా చూపించొచ్చు. ఫెండర్ తీగ పొడవు 25.5 అంగుళాలు. గిబ్సన్‌ది 24.75. ముప్పావు అంగుళమే తేడా. కానీ అదే శ్రుతికి తేవాలంటే పొడవైన తీగను ఇంకాస్త బిగించాలి. బిగువు పెరిగితే పలుకు గంటలా ఖణేలుమంటుంది. పొట్టి తీగ వేలికి మెత్తగా లొంగుతుంది, నాదం గుండ్రంగా ఉంటుంది. ఫెండర్ ‘పలుకుతుంది’, గిబ్సన్ ‘పాడుతుంది’ అనుకుంటే చాలావరకు సరిపోతుంది.

పాడేది సరే, మధ్యలో ఆ రొద ఏమిటని తర్వాతి ఫిర్యాదు. ఒకే చుట్ట ఉన్న పికప్ తీగ కదలికతోపాటు గదిలోని ట్యూబులైట్లు, ట్రాన్స్‌ఫార్మర్లు వెదజల్లే విద్యుత్ అలలనూ పట్టేస్తుంది. అమెరికాలో కరెంటు సెకనుకు 60 సార్లు అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి అక్కడి రొద ఆరున్నర, ఏడు శ్రుతుల మధ్య ఎక్కడో పడుతుంది. మన కరెంటు 50 సార్లు. అంటే హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా అదే గిటార్ దాదాపు ఐదు శ్రుతిలో, బాగా కింది స్థాయిలో గుయ్యిమంటుంది. తంబురా అక్కర్లేదని సరదాపడొచ్చు గానీ, రికార్డింగ్ గదిలో అది తలనొప్పి.

గిబ్సన్ ఇంజినీరు సేత్ లవర్ దీనికి కనిపెట్టిన మందు ముచ్చటైనది. ఒకటికి బదులు రెండు చుట్టలు పక్కపక్కనే పెట్టాడు. ఒకదాని అయస్కాంతం దిశ, చుట్ట దిశ రెండూ తలకిందులు చేశాడు. బయటి రొద రెంటిలోనూ ఎదురెదురుగా పుట్టి ఒకదాన్నొకటి కొట్టేస్తుంది. తీగ ధ్వని మాత్రం రెంటిలోనూ ఒకే దిశలో కలిసి రెట్టింపవుతుంది. రొదను, అంటే హమ్‌ను అణిచేది కాబట్టి హంబకర్ అన్నారు. 1955లో పేటెంటుకు దరఖాస్తు చేశారు, 1957 నుంచి గిటార్లకు తగిలించారు, పేటెంటు 1959లో గానీ రాలేదు. ఈలోగా వాటి అడుగున ‘పేటెంటుకు దరఖాస్తు చేయబడింది’ అని చిన్న చీటీ అంటించేవారు. ఆ చీటీ ఉన్న పికప్ ఒక్కటి దొరికినా ఈరోజు ఒక మంచి గిటార్ ధర పలుకుతుంది.

అయినా స్ట్రాటోకాస్టర్, ముద్దుగా స్ట్రాట్, వాయించేవాళ్లలో చాలామంది ఆ రొదను వదులుకోరు. రెండు చుట్టలు కలిస్తే పైస్థాయి మెరుపు కొంత మొద్దుబారుతుంది మరి.

మూడు పికప్పులు, ఒక మీట

స్ట్రాటోకాస్టర్‌లో ఫిర్యాదుల పెట్టె మొత్తం ఖాళీ అయింది. టెలీకాస్టర్‌లో రెండేసి తీగలకు ఒక ఆధారం ఉండేది, శ్రుతి ఎక్కడో ఒకచోట రాజీపడేది. స్ట్రాట్‌లో ఆరు తీగలకు ఆరు ఆధారాలు ఇచ్చారు. పై మెట్లు అందడం లేదంటే రెండు పక్కలా కోతపెట్టి కొమ్ములు తీర్చారు. వాల్యూమ్ బిరడను వాయిస్తుండగానే చిటికెన వేలికి అందేలా జరిపారు. శబ్దం వణికించాలంటే పలక వెనుక గాడిలో ఐదు స్ప్రింగుల మీద ఊగే ఒక లోహపు దిమ్మ, దానికో మీట. నొక్కితే ఆరు తీగలూ కలిసి వదులవుతాయి, విడిస్తే తిరిగి స్థానానికొస్తాయి. ఇది స్థాయిని ఊపే వైబ్రాటో. కానీ ఫెండర్ దానికి ట్రెమలో అని తప్పు పేరు పెట్టాడు, ప్రపంచమంతా అలాగే పిలుస్తోంది. రంగులు కార్ల షోరూముల నుంచి వచ్చాయి. ఫియస్టా రెడ్ అప్పటి ఫోర్డ్ కారు రంగు, లేక్ ప్లాసిడ్ బ్లూ క్యాడిలాక్ రంగు.

రూపకర్త ఊహించని చోట వాద్యకారులే తెలివి చూపించారు. మూడు పికప్పులకు మూడు స్థానాల స్విచ్ పెట్టాడు లియో, ఒక్కోసారి ఒక్కటే పనిచేసేలా. గిటారిస్టులు ఆ స్విచ్‌ను రెండు స్థానాల మధ్య ఇరికించి ఆపడం కనిపెట్టారు. రెండు పికప్పులు ఒకేసారి మోగి, గాజుగిన్నె మీద గోటితో కొట్టినట్టు ఒక కొత్త పలుకు పుట్టింది. దాని వెర్రి ఎంత ముదిరిందంటే, 1977లో కంపెనీయే ఐదు స్థానాల స్విచ్ పెట్టేసింది. ఎడమచేతి వాటం గల జిమీ హెండ్రిక్స్ కుడిచేతి గిటార్‌ను తిరగేసి పట్టుకున్నాడు. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ సంగీతోత్సవ వేదిక మీద అదే మీటతో అమెరికా జాతీయగీతంలో బాంబుల చప్పుడు వినిపించాడు. మెల్లగా వణికించడానికి పెట్టిన మీట అది.

ఎవరికీ పట్టనివే ఇవాళ బంగారం

1958 గిబ్సన్‌కు మంచి సంవత్సరం, చెడ్డ సంవత్సరం కూడా. ఆ ఏడు వచ్చిన ఈఎస్-335 లోపల మధ్యలో గట్టి మేపుల్ దిమ్మ, పక్కలు బోలు. కూతా రాదు, డొక్క తీపీ పోదు. అది నిలిచింది. అదే ఏడు రాకెట్ల మోజులో తెచ్చిన ఫ్లయింగ్ వీ ఆకారం చూసి దుకాణదార్లు దాన్ని బోర్డులా వేలాడదీసుకున్నారు. మొదటి రెండేళ్లలో వంద కూడా పోలేదు. తేనెరంగు పూతతో 1958 నుంచి 1960 దాకా చేసిన లెస్ పాల్ సన్‌బర్స్ట్‌లు పదిహేను వందల ప్రాంతంలో ఉంటాయి. ‘బరువు, పాత మోస్తరు’ అని జనం కొనలేదు. 1961కల్లా ఆ ఆకారాన్నే మార్చేశారు, తర్వాత అది ఎస్‌జీ అయింది.

అప్పుడు ఇంగ్లండులో కుర్రాళ్లు సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో ఈ పాత లెస్ పాల్‌లు కొనుక్కున్నారు. 1966లో జాన్ మేయాల్ బృందంతో ఎరిక్ క్లాప్టన్ చేసిన ఆల్బమ్‌లో ఆ గిటార్‌ను యాంప్ చిట్లేంత బిగ్గరగా వాయించాడు. వయొలిన్‌లా సాగే ఆ నాదం విన్నాక అందరికీ అదే కావాలనిపించింది. గిబ్సన్ 1968లో లెస్ పాల్ తయారీ మళ్లీ మొదలుపెట్టింది. అప్పటికి ఫెండర్ కంపెనీ చేతులు మారింది. 1965 జనవరిలో సీబీఎస్ సంస్థ దాన్ని కోటీ 30 లక్షల డాలర్లకు కొన్నది. 1971 నుంచి స్ట్రాట్ మెడకు నాలుగు మరలకు బదులు మూడే పెట్టారు. మెడ కదులుతోందన్న గొణుగుడు మొదలైంది. ‘సీబీఎస్‌కు ముందు’ అన్న మాట గిటార్ సంతలో పెద్ద బిరుదైంది. ‘వింటేజ్’ అన్న మోజుకు పునాది అక్కడే.

ఆ మోజు ఇవాళ ఎక్కడిదాకా వచ్చిందో రెండు ఉదాహరణలు చాలు. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ నల్ల స్ట్రాట్ 2019లో న్యూయార్క్ వేలంలో 39,75,000 డాలర్లు పలికింది. 1954లో కొత్త స్ట్రాట్ ధర 249 డాలర్ల 50 సెంట్లు. ఇక 1995 నుంచి ఫెండర్ ప్రత్యేక విభాగం కొత్త గిటార్లనే గీకి, రంగు ఊడగొట్టి, తుప్పు పట్టించి ‘రెలిక్’ పేరుతో అమ్ముతోంది. ఐరిష్ గిటారిస్టు రోరీ గాలహర్ 1961 నాటి స్ట్రాట్‌కు దశాబ్దాల వాడుకలో రంగు దాదాపు మొత్తం ఊడిపోయింది. ఇప్పుడు ఆ మచ్చలను మచ్చకు మచ్చ దింపి అమ్ముతారు. పక్కటెముకల నొప్పి తీర్చడానికి పుట్టిన వస్తువుకు ఇంకొకరి చెమట మచ్చలు అద్దించుకోవడానికి మనం ఎక్కువ డబ్బిస్తున్నాం.

కోసి, అతికి, రంగేసి

పాతదాన్ని పూజించకుండా రంపం పట్టినవాడు ఎడ్డీ వాన్ హాలెన్. 1970ల మధ్యలో అతని గొడవ సూటిగా ఉండేది: గిబ్సన్ నాదం కావాలి, ఫెండర్ మీట కావాలి. రెండూ ఒకదాంట్లో ఎవరూ అమ్మడం లేదు. 50 డాలర్లు పెట్టి లోపమున్న ఒక స్ట్రాట్ పలక, 80 డాలర్లు పెట్టి ఒక మెడ కొన్నాడు. పాత గిబ్సన్‌లోంచి పీకిన హంబకర్‌ను, కీచుమనకుండా మైనంలో ముంచి, పలకలో గుంత తవ్వి బిగించాడు. టేపులంటించి చారల రంగు కొట్టాడు. ‘ఫ్రాంకెన్‌స్టైన్’ అని పేరు. 1978లో అతని బృందం మొదటి ఆల్బమ్ వచ్చాక కంపెనీలన్నీ ఆ అతుకుల బొంతను కాపీ కొట్టాయి. అలా ‘సూపర్‌స్ట్రాట్’ అనే జాతి పుట్టింది.

మీటను గట్టిగా ఊపితే శ్రుతి పోతోందన్న ఫిర్యాదును ఫ్లాయిడ్ రోజ్ తీర్చాడు. నగల పని తెలిసిన ఈ గిటారిస్టు తీగను రెండు చివరలా బిగించి తాళం వేసే పరికరం చేసి, 1979లో పేటెంటు పొందాడు. జపాన్ కంపెనీ ఐబనీజ్ అప్పటిదాకా అమెరికన్ నమూనాలు దించేది. గిటార్ తల ఆకారం మీద 1977లో కేసు పడ్డాక సొంత దారి పట్టింది. గిటారిస్టు స్టీవ్ వాయ్ కోసం 1987లో పట్టుకోవడానికి పలకలోనే పిడి కోసిన జెమ్, 1990లో ఏడు తీగల యూనివర్స్ తెచ్చింది. 1985లో మేరీల్యాండ్‌లో మొదలైన పాల్ రీడ్ స్మిత్ కంపెనీ తీగ పొడవును సరిగ్గా 25 అంగుళాలుగా, ఫెండర్‌కూ గిబ్సన్‌కూ మధ్యన పెట్టింది. పాతకాలపు గిబ్సన్ అధ్యక్షుడు టెడ్ మెకార్టీనే సలహాదారుగా తెచ్చుకుంది. ఆ కంపెనీకి పేరు తెచ్చిన మోడల్‌కు 24 మెట్లు, మన వీణకు ఉన్నన్నే.

పట్టీ తగిలించగానే తల కిందికి వాలిపోతోందంటే నెడ్ స్టైన్‌బర్గర్ 1980 ప్రాంతంలో తలనే తీసేశాడు. బిరడలు తోకవైపు వెళ్లాయి, చెక్క స్థానంలో కార్బన్ ఫైబర్ వచ్చింది. లావు తీగలు సడలుగా, సన్న తీగలు బిగువుగా ఉంటున్నాయంటే రాల్ఫ్ నోవాక్ ఒక్కో తీగకు ఒక్కో పొడవు వచ్చేలా మెట్లను విసనకర్రలా పరిచాడు. స్వీడన్‌కు చెందిన ఓలా స్ట్రాండ్‌బర్గ్ రూపొందించిన తేలికైన, తలలేని గిటార్లలో ఈ రెండూ కలిశాయి.

పాలకొల్లు సణుగుడు

ఇలాంటి ఫిర్యాదు ఒకటి మన గోదావరి జిల్లాలోనూ పుట్టింది. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్‌కు మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించాలి. మామూలు మాండొలిన్‌లో నాలుగు జతల తీగలు. జంట తీగలను పక్కకు లాగి గమకం తియ్యడం కష్టం. మీటిన స్వరం క్షణంలో ఆరిపోతుంది. ఆయన డొక్కలేని ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని, జంటలు తీసేసి ఐదు ఒంటి తీగలు వేసుకున్నారు. స్వరం నిలిచింది, జారింది, ఊగింది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొమ్మిదేళ్ల వయసులో తొలి కచేరీ చేశారు. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్ ఎలక్ట్రిక్ గిటార్ పక్కన కూర్చుని ప్రపంచమంతా వాయించారు.

ఆ మెక్‌లాఫ్లినే 1970లలో శక్తి అనే తన బృందం కోసం తన గిటార్ మెట్ల మధ్య చెక్కను లోతుగా తొలిపించుకున్నాడు. వేలు చెక్కకు తగలకుండా తీగను నొక్కి స్వరాన్ని వంచడానికి. వీణలో మైనం మీద ఎత్తుగా నిలబెట్టిన మెట్లు చేసే పనే ఇది.

ఇప్పుడు అడవి వంతు

తాజా ఫిర్యాదు వాద్యకారులది కాదు. పాత గిటార్ల వేలిపలక బ్రెజిల్ రోజ్‌వుడ్. 1960ల రెండో సగం నుంచి దాని స్థానంలోకి మన జిట్రేగి, అంటే ఇండియన్ రోజ్‌వుడ్ వచ్చింది. 1992లో బ్రెజిల్ చెక్క వ్యాపారానికి అంతర్జాతీయ నిషేధం పడింది. 2017 జనవరి నుంచి రోజ్‌వుడ్ జాతులన్నిటికీ పర్మిట్లు తప్పనిసరయ్యాయి. తయారైన వాద్యాలకు 2019 చివర్లో మినహాయింపు దొరికింది. టెలీకాస్టర్‌కు ఒళ్లిచ్చిన స్వాంప్ యాష్ చెట్లను పురుగు, మిసిసిపీ వరదలు దెబ్బతీయడంతో 2020లో ఫెండర్ ఆ చెక్క వాడకాన్ని బాగా తగ్గించుకుంది. కాల్చి ఆరబెట్టిన మేపుల్, వేరే ఖండాల చెక్కలు, కార్బన్ ఫైబర్ వాటి చోట వస్తున్నాయి. పాత చెక్కలోనే పాత నాదం ఉందనేవాళ్లు ఒప్పుకోరు. దూలానికి చెక్కలు అతికించిన లెస్ పాల్ ఉంటే నవ్వుకునేవాడేమో.

ఇంట్లో పిల్లో పిల్లాడో ఎలక్ట్రిక్ గిటార్ అడిగితే దుకాణంలో పేరు, రంగు, ఎవరి సంతకం ఉందో ముందు చూడకండి. ఒళ్లో పెట్టుకోమనండి. పావుగంట వాయించనివ్వండి, నిలబడి పట్టీతో కూడా. ఎక్కడ గుచ్చుకుంటోంది, ఏ మెట్టు అందడం లేదు, భుజం ఎప్పుడు లాగింది అని అడగండి. గిటార్ వాయించడం రాని ఒక రేడియో మెకానిక్ అడిగిన ప్రశ్నలివే.